తప్పు చేశాక మళ్లీ చిగురించడం: మీ తోట మీకేం నేర్పింది?

మల్లెపందిరి (తెనాలి), జనవరి 9

అందరికీ వందనాలు. ఈ విషయం రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగాను. ఈరోజు పొద్దున మల్లె కొమ్మలు కత్తిరిస్తుంటే ఇక రాసేద్దాం అనిపించింది.

మా మిద్దె మీద ముప్పై కుండీల దాకా ఉన్నాయి. అందులో గుండుమల్లె మా అత్తగారు చనిపోయే ముందు ఏడాది ఇచ్చింది. పోయిన మే నెలలో ఊరెళ్లి పది రోజుల తర్వాత వచ్చేసరికి ఆకులన్నీ వేలాడిపోయి ఉన్నాయి. కంగారుపడి పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ నీళ్లు పోశాను. వారమైనా తేరుకోలేదు. బలం చాలట్లేదేమో అని రెండు గుప్పిళ్ల యూరియా వేశాను. మూడో రోజుకి ఆకుల అంచులు మాడిపోయాయి, చిటికెన వేలంత కొమ్మలు కూడా ఎండడం మొదలైంది.

నర్సరీలో పనిచేసే పెద్దాయన్ని పిలిచి చూపించాను. ఆయన కుండీని పక్కకి వంచి, మొక్కని మట్టితో సహా బయటికి లాగాడు. అడుగు రంధ్రం పూడిపోయి ఉంది. వేళ్లు నల్లగా, మెత్తగా, ముట్టుకుంటే పైతోలు ఊడి వస్తోంది. "అమ్మా, దీనికి ఆకలి కాదు, ఊపిరాడట్లేదు" అన్నాడు. నీళ్లు తక్కువైనా, ఎక్కువైనా మొక్క పైకి ఒకేలా వాడిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. వేళ్లు కుళ్లాక నీళ్లలో నిలబెట్టినా అది తాగలేదు. ఆయన నల్ల వేళ్లన్నీ కత్తిరించి, మిగిలినవి కడిగి, ఎర్రమట్టిలో ఇసుక కలిపి ముందుకంటే చిన్న కుండీలో పెట్టాడు. నీడలో ఉంచమన్నాడు. కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు అనే మాటే ఎత్తొద్దన్నాడు.

ఇప్పుడు నా సంగతి. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజం డబ్బు నా దగ్గర ఉండేది. అందులోంచి 18,000 మా అబ్బాయి ఫీజుకి వాడాను. నెలలో పెట్టేద్దాం అనుకున్నాను, పెట్టలేకపోయాను. లెక్క అడిగినప్పుడు బ్యాంకులో ఉంది అని అబద్ధం చెప్పాను. ఆ తర్వాత నేను చేసినవి వినండి. ఇరవై ఒక్క రోజులు ఉపవాసం. తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థన. గుడి ఊడ్చడం, సండే స్కూల్ పిల్లలకి టిఫిన్లు, ఎవరికి జ్వరం వచ్చినా ముందు నేనే. అందరూ నా భక్తిని మెచ్చుకుంటున్నారు, రాత్రి నాకు నిద్ర లేదు. ఉపవాసం తప్పని అనట్లేదు. నేను మాత్రం వేళ్లు చూడకుండా పైన యూరియా వేస్తున్నాను.

ఆ పెద్దాయన మాట అన్న వారంలోనే పాస్టర్ అయ్యగారి దగ్గరికీ అమ్మగారి దగ్గరికీ వెళ్లి చెప్పేశాను. లెక్కల పుస్తకం ఇచ్చేశాను. నాలుగు నెలల్లో డబ్బు కట్టేశాను. పడిపోయినప్పటికంటే పడ్డాక పడిన కంగారే నన్ను ఎక్కువ పాడు చేసిందని ఇప్పుడు అనిపిస్తోంది. మీలో ఎవరికైనా తోటలోనో పొలంలోనో ఇలా దేవుడు చూపించింది ఉంటే రాయండి. గెలిచిన సాక్ష్యాలే కాదు, మధ్యలో ఉన్నవి కూడా.

—

గుమ్మడితీగ (ఏలూరు), జనవరి 9

అక్కా, చదువుతూ ఏడ్చాను. మల్లె బతికిందా?

—

మల్లెపందిరి, జనవరి 9

బతికింది చెల్లీ. జూలై చివర్లో మొదటి చిగురు వచ్చింది. డిసెంబరులో నీళ్లు తగ్గించి, ఆకు దులిపి, ఈరోజు కత్తిరించాను. మొగ్గ వచ్చేది మార్చిలోనే.

—

అంటుమామిడి (నూజివీడు దగ్గర), జనవరి 10

అందరికీ ప్రైజ్ ద లార్డ్. నాది మామిడి తోట. మాట్లాడటం సరిగా రాదు, అయినా చెప్తాను.

అంటు మొక్క తెలుసు కదా. కింద నాటు టెంక నుంచి వచ్చిన మొక్క, పైన మనకు కావాల్సిన రసమో బంగినపల్లో. అంటు అతికాక కూడా అతుకు కింద నుంచి నాటు మొక్క చిగుళ్లు వేస్తుంది. తెలియనివాళ్లకి అవే ముద్దుగా కనిపిస్తాయి, ఎందుకంటే పైకొమ్మ కంటే అవే జోరుగా లేస్తాయి. వదిలేస్తే రెండేళ్లలో పైకొమ్మని చంపి చెట్టు మొత్తం నాటుదైపోతుంది. గోరంత ఉన్నప్పుడే గిల్లెయ్యాలి.

నేను రక్షణ పొంది తాగుడు మానేసి ఆరేళ్లయ్యాక మళ్లీ తాగాను. మా బావమరిది పెళ్లిలో. తెల్లారి నాకు వచ్చిన ఆలోచన ఏంటంటే, ఆరేళ్లూ అబద్ధమే, నాకు అసలు మారుమనస్సే రాలేదు అని. ఆ ఆలోచనతోనే ఇంకో నాలుగు నెలలు తాగాను. ఒకరోజు చిన్న మొక్కల కింద చిగుళ్లు గిల్లుతూ ఆగిపోయాను. ఈ చిగురు వచ్చిందని అంటు అతకలేదని నేను ఏ మొక్కనైనా పీకేశానా? ఒక్కదాన్నీ పీకలేదు. గిల్లి పక్కన పడేసి ముందుకి వెళ్లాను.

ఇప్పుడు మూడేళ్లు. మా సంఘంలో ఒక అన్నయ్యకి ప్రతి శనివారం ఫోన్ చేస్తాను. కోరిక వచ్చినా, రాకపోయినా. అది నా గిల్లుడు.

—

బెరియా పాఠకురాలు (సికింద్రాబాద్), జనవరి 10

అన్నయ్యా, మీ సాక్ష్యం బలంగా ఉంది. ఒక్క మాట కలుపుతాను, తప్పుగా అనుకోకండి. బైబిల్లో రోమా పత్రిక 11వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు చెప్పిన అంటు మీ మామిడికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ వేరు మంచిది, కొమ్మ అడవి ఒలీవది. ఎవరైనా తోటమాలి అడవి మొక్క మీద మంచి కొమ్మ కడతాడు, ఇది స్వభావానికి విరుద్ధం అని పౌలే ఒప్పుకుంటాడు. అంటే మంచి వేరులోని సారం మనలాంటి అడవి కొమ్మలోకి ఎక్కుతోంది.

నాకు ఇష్టమైన వచనం 23. విరిచి పడేసిన కొమ్మల్ని మళ్లీ అంటుకట్టడానికి దేవుడు శక్తిగలవాడు అంటుంది. అది ఇశ్రాయేలు గురించి చెప్పిన మాటే, సందర్భం మర్చిపోకూడదు. అయినా ఎండిన కొమ్మని తీసుకుని మళ్లీ అంటుకట్టే మాలిని మీరు ఎక్కడైనా చూశారా?

—

అంటుమామిడి, జనవరి 10

లేదమ్మా. ఎండిన పుల్ల అతకదు, పుల్ల పచ్చిగా ఉండాలి. అది మనిషి వల్ల కాదు. మీరు చెప్పింది మా ఇంట్లోవాళ్లకి చదివి వినిపించాను.

—

తుంగమడి (కరీంనగర్), జనవరి 12

పేరు పెట్టకుండా రాసే చోటు కాబట్టి రాస్తున్నా.

మా పెరట్లో తుంగ ఉంది. పైన పట్టుకుని లాగితే గడ్డి చక్కగా వస్తుంది, మనసుకి హాయిగా ఉంటుంది, పది రోజుల్లో మళ్లీ అంతే. కింద గడ్డలు ఉంటాయి. ఒక గడ్డ నుంచి సన్నటి దారం లాంటి వేరు పోయి ఇంకో గడ్డ, దాన్నుంచి ఇంకోటి, దండ గుచ్చినట్టు. లాగినప్పుడు ఆ దారం తెగి గడ్డ లోపలే ఉండిపోతుంది.

నాకు ఆన్‌లైన్ బెట్టింగ్ అలవాటయింది. యాప్ ఆరుసార్లు తీసేశాను, ప్రతిసారీ కన్నీళ్లతో ప్రార్థన చేసి మరీ తీసేశాను. తుంగని పైన లాగినట్టే అయింది. యాప్ కింద అప్పు, అప్పు కింద ఇంట్లో చెప్పిన అబద్ధం, అబద్ధం కింద తమ్ముడికంటే నేను తక్కువ సంపాదిస్తున్నాననే మంట. అన్నిటికంటే లోపల ఉన్న గడ్డ అదే, దాన్ని నేను ఎప్పుడూ ప్రార్థనలో పెట్టలేదు.

వాన పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు గడ్డపారతో తవ్వి, మట్టి జల్లించి ఒక్కో గడ్డ ఏరాలి. మాకు మూడు వానాకాలాలు పట్టింది. ఇప్పటికీ గోడ వారన రెండు మూడు లేస్తాయి. ఇంట్లో చెప్పిన రోజు మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు బ్యాంకు కార్డు తన దగ్గర పెట్టుకుని, "రోజూ చూస్తా" అంది. చూస్తోంది కూడా. నాకు అవమానంగా ఉంటుందేమో అనుకున్నా. లేదు, టెన్షన్ తగ్గింది.

—

పాత కాపరి (సంగారెడ్డి), జనవరి 13

పిల్లలారా, మీరు రాసినవన్నీ చదివాను. నేను ముప్పై నాలుగేళ్లు సంఘ కాపరిగా ఉండి విశ్రాంతి తీసుకున్నాను. పడినవాళ్లు రాస్తున్నారు కదా, లేపాల్సినవాడు చేసిన తప్పు గురించి నేను రాస్తాను.

మా నాన్నగారు రంగారెడ్డి జిల్లాలో అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పండించేవారు. మన దగ్గర ద్రాక్షకి ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో చేసేది బాగా పొట్టిగా, ఒకటి రెండు కన్నులు ఉంచి. అది కొత్త కొమ్మ కోసం. అక్టోబరులో చేసేది కాయ కోసం, అప్పుడు కొమ్మ పొడుగ్గా ఉంచాలి, గెల పట్టే కన్ను పైన ఉంటుంది కాబట్టి. ఒక ఏడు కొత్త కూలీలు వచ్చి అక్టోబరులో ఏప్రిల్ కోత కోశారు. ఆకు దట్టంగా వచ్చింది, పందిరంతా పచ్చగా ఉంది, గెలలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కత్తెర అదే, తీగ అదే. ఆ కాలానికి తగని కోత, అంతే.

నా సేవలో మూడో ఏట ఒక యవనస్థుడు తప్పులో పడ్డాడు. తనే వచ్చి ఏడ్చి చెప్పుకున్నాడు. నేను ఆ ఆదివారం ప్రసంగ వేదిక మీద అతని పేరు చదివి, ఆరు నెలలు ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) లేదని ప్రకటించాను. క్రమశిక్షణ అనుకున్నాను. గలతీ పత్రిక 6:1లో "సాత్వికమైన మనస్సుతో" అని ఉన్న మాట నేను ఎన్నోసార్లు బోధించినదే. అతను ఆ తర్వాత ఏ గుడి మెట్టూ ఎక్కలేదు. రెండుసార్లు వెతికి వెళ్లి క్షమాపణ అడిగాను. కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. అంతవరకే.

యోహాను 15లో తీగెను బాగుచేయడం అనే మాటకీ, తర్వాతి వచనంలో మీరు పవిత్రులై యున్నారు అనే మాటకీ గ్రీకులో మూలం ఒకటే. కత్తిరించడం అంటే ఆయన దృష్టిలో కడగడం. నేను కడగలేదు, నరికాను. సంఘ పెద్దలు ఎవరైనా చదువుతుంటే, కత్తెర పట్టే ముందు ఏ నెలో చూసుకోండి అని బతిమాలుతున్నాను.

—

పెరటి కొబ్బరి (ఉద్దానం), జనవరి 15

అయ్యగారికి నమస్కారం. అందరూ చిగురు గురించి రాస్తున్నారు. నాకు వేరే మాట ఉంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా మీద పడింది. మునగ విరిగితే మొదలు నుంచి మళ్లీ లేచింది. జీడి కొమ్మలు పోయినా కొన్ని చెట్లు నిలబడ్డాయి. కొబ్బరి అలా కాదు. కొబ్బరికి మొవ్వు, అంటే తల మీది చిగురు, ఒక్కటే. మొవ్వు విరిగితే మాను నిటారుగా నిలబడి ఉంటుంది, దూరం నుంచి చూస్తే బతికే ఉంది అనిపిస్తుంది, కానీ అది ఇక లేదు. మా నాన్న నాటినవి నలభై చెట్లు అలా పోయాయి.

నా కోపం వల్ల నా కాపురం పోయింది. చెయ్యి చేసుకున్నాను. ఆమె వెళ్లిపోయింది, వేరే జీవితం కట్టుకుంది. నేను పశ్చాత్తాపపడ్డాను, క్షమాపణ ఉత్తరం పంపాను, జవాబు అడగలేదు. కొందరు బ్రదర్స్ "విశ్వసించు, దేవుడు తిరిగి ఇస్తాడు" అంటారు. నేను ఆ ప్రార్థన చెయ్యను. ఆమె తిరిగి రావాలని అడిగే హక్కు నాకు లేదు. దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను. విరిగిన మొవ్వు మాత్రం విరిగినట్టే ఉంది.

2019 వానల్లో ఆ గుంతల పక్కనే కొత్త కొబ్బరి మొక్కలు నాటాను. పాత గుంతలో కాదు, పక్కన. మాది పొడుగు రకం, ఆరేడేళ్లు చూడాలి. మధ్యలో అపరాలు వేసుకున్నాం. పోయిన ఏడాది వాటిలో మూడింటికి మొదటి గెల వచ్చింది. ఇప్పుడు కోపం వచ్చినప్పుడు ఇంట్లోంచి బయటికొచ్చి ఆ చెట్ల దగ్గర నిలబడతాను. మా అమ్మ మీద గొంతు లేచి రెండేళ్లయింది.

—

చిక్కుడుపాదు (ప్రకాశం జిల్లా), జనవరి 16

కొబ్బరి అన్నయ్యా, మీరు అలా రాసినందుకు దేవునికి స్తోత్రం. నేను అవతలి పక్క మనిషిని, నన్ను కూడా వినండి.

మా పక్క చేలో ఆయన గట్టు మీద కలుపు చావడానికి టూ ఫోర్ డీ కొట్టాడు. గాలి మా వైపు. రెండు రోజుల్లో మా చిక్కుడు ఆకులు మెలికలు తిరిగి, సన్నగా, చచ్చిన చేతివేళ్లలా అయిపోయాయి. ఆయన మంచివాడే, బాధపడ్డాడు. ఊళ్లో అందరికీ "పాపం, అయ్యో, నా వల్లే" అని చెప్పుకున్నాడు. మా పాదు దగ్గరికి మాత్రం రాలేదు.

సంఘంలో నాకు జరిగింది కూడా ఇదే. ఒక సిస్టర్ నా గురించి లేని మాట పుట్టించింది. ఏడాది తర్వాత ఉపవాస కూటంలో లేచి ఏడుస్తూ ఒప్పుకుంది, పేరు చెప్పకుండా. అందరూ ఆమెను హత్తుకున్నారు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. నా వైపు ఎవరూ చూడలేదు. తర్వాత అందరూ నన్నే అడిగారు, ఇంకా ఎందుకు ముభావంగా ఉన్నావు, క్షమించలేదా అని.

సుంకం వసూలు చేసే జక్కయ్య యేసుతో మాట్లాడి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు ఇస్తానన్నాడు, అంటే తీసుకున్నవాళ్ల గుమ్మం దాకా నడవాలి కదా. కలుపుమందు కొట్టినవాళ్లు దేవుని దగ్గరికి వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. ఆ దారిలో మా పాదు దగ్గర కూడా ఆగండి. మెలి తిరిగిన ఆకు మళ్లీ సాపు కాదు, కొత్త ఆకు రావాలి, దానికి ఎన్ని వారాలు పడుతుందో పాదుకే తెలుసు. తొందరపెట్టొద్దు.

—

మల్లెపందిరి, జనవరి 16

చిక్కుడుపాదు అక్కా, మీ మాట నన్ను పొడిచింది. నేను అయ్యగారితో, అమ్మగారితో చెప్పాను. డబ్బు కట్టాను. కానీ ఆ డబ్బు పదీ ఇరవై వేసి కూడబెట్టిన ఆడవాళ్లు ముప్పై మంది ఉన్నారు. వాళ్లలో ఎవరితోనూ చెప్పలేదు. "ఆరోగ్యం బాగోక బాధ్యత వదులుకుంది" అనే వాళ్లకి తెలుసు. ఆ మాట నేను చెప్పలేదు, కానీ దిద్దలేదు. ఇంకో నల్ల వేరు మిగిలే ఉంది. నాకోసం ప్రార్థన చెయ్యండి.

—

గ్యారేజీ కరివేపాకు (డాలస్), జనవరి 18

వందనాలండీ. ఇక్కడ మన తెలుగువాళ్లకి కరివేపాకు మొక్క అంటే ఇంట్లో మనిషే. చలికాలం రాగానే కుండీని గ్యారేజీలోకి తెస్తాం. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుపానుకి మా ఊళ్లో మైనస్ 18 కంటే కిందికి పోయింది. కరెంటు లేదు. గ్యారేజీ కూడా గడ్డకట్టింది. కరివేపాకు నల్లబడింది. పెరట్లో అంజూరం పుల్లల్లా నిలబడింది.

మార్చిలో చుట్టుపక్కల అందరూ పీకేసి కొత్తవి పెట్టుకుంటున్నారు. ఇక్కడ తోటపని తెలిసిన ఒక ముసలాయన గోరుతో బెరడు గీకి చూడమన్నాడు. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. అంజూరానికి పైన గీకితే అంతా గోధుమ రంగు. కింద, నేలకి జానెడు ఎత్తులో గీకితే సన్నటి పచ్చ గీత. ఎండిందంతా కోసి ఆగాను. ఏప్రిల్ చివర్లో మొదట్లోంచి లేచింది. కరివేపాకు మాత్రం రాలేదు, అది పోయింది.

ఆ నెలల్లోనే మా యూత్‌లో ఒక అబ్బాయి రావడం మానేశాడు. గిటార్ వాయించేవాడు. వాడి గురించి కమిటీలో మాట వచ్చినప్పుడు పేరు తీసేద్దాం అన్న మొదటి మనిషిని నేనే. ఇంటికి వచ్చి లూకా 13 తీస్తే, మూడేళ్లు కాయని అంజూరపు చెట్టు, "ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము" అని తోటమాలి అడగడం. ఆయన ఊరికే ఆగుతాననలేదు, చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను అన్నాడు. నేను ఆ అబ్బాయికి ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది. బెరడు గీకకుండానే చచ్చిందన్నాను.

తర్వాత ఫోన్ చేశాను. ఇప్పటికీ చర్చికి రాడు. నెలకోసారి మా ఇంటికి పప్పుచారు తినడానికి వస్తాడు.

—

గుమ్మడితీగ, జనవరి 18

యోబు గ్రంథం 14లో నరికిన చెట్టు "నీటి వాసన" తగిలితే చిగురిస్తుందని ఉంటుంది. నీళ్లు కూడా కాదు, వాసన. ఆ పప్పుచారు అలాంటిదేనండీ.

—

పాత కాపరి, జనవరి 19

యోబు ఆ మాట చెట్టు గురించి చెప్పి, మనిషికి ఆ ఆశ లేదని ఏడుస్తాడమ్మా. ఆ తర్వాతి వచనాలు చూడు. అతని ఏడుపుకి జవాబు ఒక తోటలోనే వచ్చింది. సమాధి దగ్గర మగ్దలేనే మరియ తిరిగి లేచిన ప్రభువును చూసి తోటమాలి అనుకుంది. కొద్ది రోజులకే, ఆయనెవరో ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురుకి ఆయన సముద్రం ఒడ్డున నిప్పులు వేసి చేపలు కాల్చి పెట్టాడు. పేతురు బొంకింది కూడా నిప్పుల మంట దగ్గరే. ముందు తిండి పెట్టాడు, తర్వాతే నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు. డాలస్ అబ్బాయీ, పప్పుచారు మానొద్దు.

—

మల్లెపందిరి, మార్చి 14

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి.

ఫిబ్రవరి రెండో గురువారం స్త్రీల సమాజం కూటంలో లేచి చెప్పాను. ఎంత తీసుకున్నాను, ఎందుకు, ఏమని అబద్ధం ఆడాను, ఎప్పుడు కట్టాను. కాళ్లు వణికాయి. ఏడవకూడదని ముందే అనుకున్నాను, ఏడిస్తే వాళ్లు నన్ను ఓదార్చాల్సి వస్తుందని. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. కూరగాయల బండి పెట్టుకునే ఒక పెద్దావిడ "నా యాభై రూపాయలు కూడా అందులో ఉన్నాయి కదమ్మా" అంది. ఉన్నాయమ్మా అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు.

డబ్బు లెక్క ఇక నాకు ఇవ్వరు, అది సరైనదే. గుడి ఆవరణలో ఎండిపోతున్న మందారాలకి పిండినల్లి పట్టింది, వాటిని చూసుకుంటానని అడిగాను, ఇచ్చారు. లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు, వారానికోసారి సాయంత్రం కొడుతున్నాను.

మల్లె మొగ్గ వేసింది. మొన్న ఆదివారం ఇరవై పూలు దారానికి కట్టి తీసుకెళ్లాను. ఆ పెద్దావిడ తీసుకుని వాసన చూసి, ఈ మల్లె కొమ్మ నాకు కూడా కావాలి అంది. కొమ్మ గుచ్చితే ఎండకి బతకదేమో అని, ఒక పొడవాటి కొమ్మని వంచి పక్క కుండీ మట్టిలో తొక్కి పైన రాయి పెట్టాను. వేళ్లు పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుందని చెప్పాను. ఆగుతానంది.